కామేశం మాస్టారి ఈగలకు చలి

కామేశం మాస్టారికి జన్మలో ఎప్పుడూ చలెయ్యలేదు. ఆయన వణికితే ఆయన పెంచే తేనెటీగలకు చలేసినట్టు లెక్క. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నా సరే, "సుందరీ, పాపం ఈగలకి చలేస్తందే" అనేవారు.

ఆయన చోడవరం హైస్కూల్లో లెక్కల మాస్టారు. డెబ్భై ఒకటిలో పెరటి జామచెట్టు కింద ఈగల పెట్టె పెట్టారు. అది మొదలు పాఠాల్లోనూ ఈగలే. ఓ పొగమంచు పొద్దున క్లాసు మొత్తాన్నీ ముద్దగా నిలబెట్టి, "అంచునున్నోళ్ళు లోపలికి, లోపలున్నోళ్ళు అంచుకి. తిరగండ్రా. చలికి ఈగలు బతికే విద్య ఇదే" అన్నారు. హెడ్మాస్టరు అది కొట్లాటనుకుని బెత్తం పట్టుకుని పరిగెత్తుకొచ్చి, తనూ ముద్దలో చిక్కుకుని, చెమటలు కక్కుతూ బయటపడ్డారు.

ఆయన భార్య లక్ష్మీసుందరికి ఈగలతో తగువు లేదు. తగువల్లా దుప్పట్ల దగ్గరే. కార్తీకం వెళ్ళేసరికి ఇంట్లో వెచ్చటి గుడ్డ నిలవదు. పాత శాలువా పోయింది, బొంత పోయింది. అడిగితే "ఈగలకే" అని ఒకటే జవాబు. ఆ ఏడు వాళ్ళన్నయ్య గణపతిరావు అరకు నుంచి తెచ్చిచ్చిన ఎర్ర కంబళికీ అదే గతి పట్టింది.

"మంచు దేశాల్లో పెట్టె మీద మూరెడు మంచు పడ్డా ఈగలకేం కాదని మీరే కదండీ చెప్పేరు?" అని నిలదీసింది ఆవిడ.

"అవునే. రాణిని మధ్యలో పెట్టుకుని, రెక్క కదపకుండా ఒళ్ళు వణికించుకుని వేడి పుట్టించుకుంటాయి."

"మరి మన ఈగలకి నా కంబళెందుకు?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "మంచు దేశాల ఈగలు వేరే. చోడవరం ఈగలు సుకుమారం."

"ఆదివారం అన్నయ్య వస్తన్నాడు. పుట్టింటివాళ్ళిచ్చింది ఈగల పాలు చేసేనంటే నా పరువేం కావాలి?"

మాస్టారు వినబడనట్టు బడికి వెళ్ళిపోయారు.

ఇక లాభం లేదని ఆవిడ కొంగు ముఖానికి చుట్టుకుని, ప్రాణాలు అరచేత పెట్టుకుని జామచెట్టు కిందకు వెళ్ళింది. పెట్టె చుట్టూ ఎండుగడ్డి, పైన ఓ గోనె. కంబళీ లేదు, శాలువా లేదు, బొంతా లేదు. ఈ మనిషి అమ్ముకు తినేశాడా ఏమిటనుకుంది.

ఆ కోపంతో బడికే బయల్దేరింది. సందు చివర ఆకుకూరలమ్మే సన్యాసమ్మ గుడిసె ముందు, తాడు మీద ఎర్ర కంబళి ఆరుతోంది. సన్యాసమ్మ ఒంటరి ముసలిది. ఊరికే ఇస్తే మంచినీళ్ళు కూడా పుచ్చుకోదు. కిందటేడు పాత చీర ఇవ్వబోతే, "నానేటి ముష్టిదాన్నా అమ్మా?" అని నెల్లాళ్ళు ఇటు తొంగి చూడలేదు.

"ఇదెక్కడిదే?" అంది లక్ష్మీసుందరి.

"మాస్టారిదేనమ్మా. మనిసి ఎచ్చదనం పట్టిన కంబళైతే గానీ ఈగలకి పనికిరాదంట. రోజూ కప్పుకుని ఎచ్చబెట్టమన్నారు. ఎండలొచ్చీదాకా తప్పదంట. శాలువా బస్టాండు కాడ తొంగునే దాసుగాడు ఎచ్చబెడతన్నాడు, బొంత అచ్చియ్యమ్మ ఎచ్చబెడతంది. అంత పెద్దమనిసి బతిమాల్తే కాదంటామేటి? సాకిరీ అయితే అయ్యింది."

లక్ష్మీసుందరికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మొగుడి మీద అంత ప్రేమ ఆవిడకు పెళ్ళినాడు కూడా కలగలేదు.

"తల మీంచి కప్పుకో సన్యాసమ్మా" అంది. "మా ఈగలు మరీ సుకుమారం."

ఆదివారం గణపతిరావు కొత్త ఉన్ని శాలువా కప్పుకుని దిగాడు. కాఫీ తాగుతూ, "నేనిచ్చిన కంబళేదే?" అన్నాడు. మాస్టారికి కాఫీ గొంతుకడ్డం పడింది.

"ఈగలకిచ్చేం అన్నయ్యా" అంది లక్ష్మీసుందరి.

"ఈగలకా? మతిపోయిందేటే మీకు?"

"మంచు దేశాల ఈగలు వేరు, చోడవరం ఈగలు వేరు" అంటూ ఆవిడ అన్నగారి భుజాల మీంచి శాలువా లాగి మడత పెట్టింది. "ఇదీ బాగా వెచ్చబడింది. ఎండలొచ్చేక ఇచ్చేస్తాను."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఒసే సుందరీ, చలేస్తందే" అన్నాడు గణపతిరావు, చేతులు కట్టుకుని.

"నీక్కాదన్నయ్యా, ఈగలకి" అని, ఆవిడ శాలువా చంకన పెట్టుకుని సందులోకి నడిచింది.