నాటకంలో లేని దీపం

పుస్తకం నా చేతిలోనే ఉంది. అందులో ఏముందో ఆ క్లాసు మొత్తంలో మాస్టారికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అయినా ఆ మధ్యాహ్నం నేను ఆ మాట ఎందుకన్నాను? డెబ్బై దాటాక కూడా నన్ను నేను ఇదే అడుగుతున్నాను. భయమని కొన్నేళ్ళు సరిపెట్టుకున్నాను. భయపడ్డవాళ్ళు నోరు మూసుకుంటారు. నేను తెరిచాను.

1975లో సంగతి. బెజవాడ గవర్నరుపేటలో ఒక ట్యుటోరియల్ కాలేజీ. బి.ఏ.కి ప్రైవేటుగా కట్టినవాళ్ళం అరవై మందిమి. ఇంగ్లీషు చెప్పేది లాజరు మాస్టారు. గుణదల నుంచి సైకిలు మీద వచ్చేవారు. వాళ్ళ నాన్న శౌరయ్య గారు వడ్రంగి. ఎమ్మే చదువుకు పోయేదాకా మాస్టారూ తండ్రి పక్కన చిత్రిక పట్టిన మనిషే. ఎడమ బొటనవేలి మీద ఉలి దిగిన మచ్చ ఉండేది. వడ్రంగులు పెన్సిలు పెట్టుకున్నట్టు సుద్దముక్కను చెవి మీద పెట్టుకునేవారు. వెనక బెంచీల వాళ్ళు నవ్వేవారు. ఆయన తీసేవారు కాదు.

ఆ ఏడు మాకు ఒక అమెరికన్ కుటుంబ నాటకం పాఠ్యం. అందులో తండ్రి వడ్రంగి. ఊళ్ళోవాళ్ళ కుర్చీలన్నీ బాగుచేస్తాడు. తన ఇంట్లో భోజనాల బల్లకి మాత్రం ఒక కాలు విరిగి, ఆ మూల ఇటుకల మీద నిలబడి ఉంటుంది. భార్య ఎత్తిపొడుస్తుంది, చిన్నకొడుకు ఎగతాళి చేస్తాడు, ఆయన దాన్ని ముట్టుకోడు.

ట్యుటోరియల్ యజమాని వెంకటసుబ్బారావు గారు ఇచ్చే సైక్లోస్టైలు నోట్సులో ఈ నాటకానికి ఐదు ప్రతీకలు. బల్ల అంటే చెదిరిన అమెరికా కల. కిటికీ అంటే స్వేచ్ఛ. వాన దుఃఖం. మెట్లు ఆశయం. దీపం ఆశ. అంతకుముందు ఏడు వేరే నాటకానికీ ఇవే ఇచ్చారు, బల్ల ఉన్నచోట గడియారం మార్చి. బట్టీ పట్టడం, రాయడం, పాసవడం. ఏ ఒక్కడూ నాటకం తెరిచి చూసిన పాపాన పోలేదు.

మాస్టారు ఆ కాగితాలు పక్కన పెట్టేశారు.

“బల్లకి కొత్త కాలు వెయ్యాలంటే ముందు దాన్ని తిరగెయ్యాలి. అంత బరువు బల్లని ఒక్కడే తిరగేస్తే మిగతా కాళ్ళు కూడా వదులైపోతాయి. రెండో చివర ఇంకో మనిషి పట్టాలి. ఇన్నేళ్ళూ పట్టింది పెద్దకొడుకు. వాడితో తండ్రి పోట్లాడి మాటలు మానేశాడు. మూడో అంకంలో వాడొస్తాడు, ఆ బల్ల మీదే తింటాడు, పోతాడు. ఒక చెయ్యి వెయ్యరా అని ఈయన అనలేడు. నాటకమంతా ఆ ఒక్క మాట కోసం. అమెరికా కలా కాదు, పాడూ కాదు.”

ఉలి వదిలేశాడని శౌరయ్య గారు మాస్టారితో మాట్లాడటం మానేసి అప్పటికి నాలుగేళ్ళట. అది నాకు చాలాకాలం తర్వాత తెలిసింది.

మాస్టారు తన సొంత పుస్తకం నాకిచ్చారు. రెండుసార్లు చదివి, “ఇందులో దీపం ఎక్కడా కనపడలేదండీ” అన్నాను.

“హమ్మయ్య, నా కళ్ళే పోయాయనుకున్నానమ్మా” అన్నారు.

ఆ వారంలోనే ఎవరో పితూరీ చెప్పారు. వెంకటసుబ్బారావు గారు పాఠం మధ్యలో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

“ఏవండీ లాజరు గారూ, నోట్సు మూలన పడేశారట. పిల్లల చేత పరీక్షలో బల్లలు చేయిస్తారా ఏంటి?”

క్లాసు గొల్లుమంది.

“నాటకంలో దీపం లేదండీ. లేనిదాన్ని ఎలా రాయించను?”

“నాటకం అమెరికావాడిది మాస్టారూ, మీ గుణదల వడ్రంగిది కాదు. పెద్దపెద్దవాళ్ళకి కనపడ్డ దీపం మీకు కనపడకపోతే అద్దాలు మార్చుకోండి.”

మాస్టారు నా వైపు చెయ్యి చూపారు. “ఈ అమ్మాయి మొత్తం చదివింది, అడగండి. దీపం లేదని తనంటే ఆ ముక్క నోట్సులోంచి కొట్టెయ్యండి. ఉందంటే రేపట్నుంచి నేను రాను.”

“చెప్పమ్మా రాజ్యలక్ష్మీ. మీ నాన్నగారు నాకు కావలసినవారు. దీపం ఉందా, లేదా?”

లేచి నిలబడ్డాను.

“ఉందండీ” అన్నాను. అక్కడితో ఆగలేదు. “రెండో అంకంలో” అన్నాను. ఏ అంకమో నన్నెవరూ అడగలేదు.

వెంకటసుబ్బారావు గారు పోయి ముప్ఫై ఏళ్ళయింది. పోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదంటారు. నాకు ఉంది. చదవని పుస్తకానికి అర్థాలు అమ్ముకున్న మనిషి, చదివిన మనిషిని తండ్రి పనితో కొట్టాడు. నవ్విన ఆ క్లాసువాళ్ళందరి మీదా ఉంది. కానీ వాళ్ళెవరికీ దీపం లేదని తెలియదు. నాకు తెలుసు. ఆ మార్చిలో దీపం గురించి పేజీన్నర రాశాను. పాసయ్యాను.

మాస్టారి మీద కూడా కోపమే. పేజీ చూపించమ్మా అని ఒక్క మాట అనుంటే నా అబద్ధం అక్కడికక్కడే తేలిపోయేది. ఆయన అడగలేదు. చెవి మీది సుద్దముక్క తీసి మేజా మీద పెట్టారు. పాఠం సగంలో ఉన్న నల్లబల్లని శుభ్రంగా తుడిచారు. నా బెంచీ పక్క నుంచే నడిచారు. పుస్తకం తీసుకుంటారేమోనని ముందుకు చాపాను. చూడలేదు. మెట్లు దిగిన చప్పుడు, కింద సైకిలు స్టాండు తీసిన చప్పుడు వినపడ్డాయి. నేను కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి ఏలూరు కాలవ వైపు మలుపు తిరుగుతున్నారు.