ఈ ఏడు వద్దు, పై ఏడు

మా తాతలు చెరకు పనికి వలస వచ్చిన దీవిలో, మాంటాన్ బ్లాంష్ అనే ఊళ్లో మా యువజన క్లబ్బు పెట్టిన పెద్దమనుషుల్లో ఒక్కరిదీ ఆ ఊరు కాదు. ఫీనిక్స్‌లోనో మోకాలోనో, దీవిలోని పట్నాల్లో కాపురాలు, సర్కారు కొలువులు, మెడలో టైలు. శనివారాలు కార్లలో దిగి, తెలుగు పిల్లలు చదువులోనూ ఆటలోనూ ముందుండాలని మాకు తెలుగులో బోధించేవారు. అటు తిరిగి తమలో తాము ఫ్రెంచిలో మాట్లాడుకునేవారు.

వాళ్ల పథకం వినడానికి ఇంపుగానే ఉండేది. పని దిగి వచ్చాక ఫుట్‌బాల్, ఆ తర్వాత భజన మందిరం పక్క గదిలో కేంబ్రిడ్జి పరీక్షకు పాఠాలు. పాఠానికి రానివాడు ఆడకూడదు. పరీక్ష రుసుము క్లబ్బే కడుతుంది కనుక ఎవరు రాయాలో క్లబ్బే చెబుతుంది. ఆడపిల్లలకూ అందులో చోటిచ్చారు. మ్యాచ్ రోజున నిమ్మరసం కలపడం మా వంతు.

మా అన్నయ్య సెంటర్ ఫార్వర్డ్. పొద్దున ఎస్టేటులో చెరకు పని. బడిపంతులు కావాలన్నది ఒక్కటే కోరిక, దానికి ఆ పరీక్ష పాసవడం ఒక్కటే దారి.

మొదటి ఏడే పొరపాటు జరిగింది. మా గోల్‌కీపర్ పాసయ్యాడు. క్యూర్‌పిప్ పట్నంలో గుమాస్తా ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. మరుసటి ఏడు చుట్టుపక్కల ఊళ్లన్నీ మా జట్టును చిత్తుగా ఓడించాయి. పెద్దమనుషులు చదువుకున్నవాళ్లు కదా, వెంటనే గ్రహించారు. పాసైనవాడు పోతాడు, తప్పినవాడు ఉంటాడు, అసలు రాయనివాడు మరీ భద్రంగా ఉంటాడు.

ఆ ఏడు పరీక్ష రాస్తానని అన్నయ్య అడిగితే, క్లబ్బు ప్రెసిడెంటుగారు స్వయంగా మా ఇంటికొచ్చారు. అమ్మ దాచుకున్న మంచి కప్పులో టీ తాగి, అన్నయ్య భుజం మీద చెయ్యేశారు.

"ఈ ఏడు వద్దు బాబూ. నీ ఇంగ్లీషు ఇంకా కుదరలేదు. పై ఏడు రాద్దువుగాని."

నాన్న చేతులు కట్టుకుని నిలబడి విన్నాడు. సూటేసుకున్న తెలుగువాడు మా గుమ్మం తొక్కడమే ఆయనకు పండగ. పై ఏడు మళ్లీ అదే కప్పు, అదే మాట. ఆ పై ఏడు ఇంగ్లీషు బదులు లెక్కలు కుదరలేదన్నారు. ఇంతకీ తెస్తామన్న ఇంగ్లీషు మాస్టరును ఏనాడూ తేలేదు. ఆ గంట వృథా కాకూడదని తెలుగు పంతులుగారు పిల్లలకు రామభజన నేర్పేవారు. కేంబ్రిడ్జివారు రామభజన అడగరని ఆయనకూ తెలుసు.

నాకు ఒళ్లు మండేది. అన్నయ్యకు మండేది కాదు, నాకు అసలు మంట అదే. "పెద్దవాళ్లు, వాళ్లకు తెలీదా?" అనేవాడు. ఆదివారాలు వంటింటి ముందు కూర్చుని తన పుస్తకాలు నాకు చెప్పేవాడు. ఆల్జీబ్రా నాకు వచ్చింది అన్నయ్య నోటినుంచే. నా వంతు వచ్చినప్పుడు మోకాలో ఉన్న మేనత్త, ఒక్కరికే చాలిన తన పొదుపుతో, రుసుము కట్టింది. నేను బంతి తన్నేదాన్ని కాదు కనుక పెద్దమనుషులెవరూ టీకి రాలేదు. రాశాను, పాసయ్యాను.

ఆ ఏడే ఒక మ్యాచ్‌లో అన్నయ్య కాలు విరిగింది. ఎముక అతికింది కానీ ఇక పరుగు లేదు. కనీసం ఇప్పుడైనా పరీక్ష రాస్తానన్నాడు. గదిలో చోటు ఆటగాళ్లకేనని, కొత్త ఫార్వర్డుకు ఇచ్చేశామని కబురొచ్చింది. చదవనివాడు ఆడకూడదన్న నియమం, ఆడనివాడు చదవకూడదని ఎప్పుడు తిరగబడిందో ఎవరూ చెప్పలేదు. దయగలవాళ్లు కనుక, మైదానంలో సున్నపు గీతలు గీసే పని మాత్రం ఇచ్చారు.

మా దీవికి స్వాతంత్ర్యం వచ్చిన నెలలో క్లబ్బు సంబరం చేసింది. కొత్త జెండా, మైకు, ముందు వరుసలో పెద్దమనుషుల భార్యలు. ప్రెసిడెంటుగారు నన్ను వేదిక మీదికి పిలిచి, కప్పుకోమని శాలువా ఇచ్చి, క్లబ్బు పెంచిన బిడ్డ అన్నారు. గడప కూడా తొక్కనివ్వని గదికి నేను బిడ్డనట. కృతజ్ఞతగా రెండు మాటలు చెప్పమన్నారు.

"మా అన్నయ్యను పరీక్షకు ఎప్పుడు పంపుతారు?" అని మైకులో అడిగాను.

ప్రెసిడెంటుగారు నవ్వేశారు. ఆయన నవ్వారు కనుక జనం చప్పట్లు కొట్టారు. తర్వాత కోలాటం అని ప్రకటించారు. నన్ను చేయి పట్టి దించేశారు.

ఇంటికి వస్తుంటే అన్నయ్య నా పక్కన నడిచాడు. చేతులకింకా సున్నం ఉంది. అలా అడగకూడదని కోప్పడతాడేమో అనుకున్నాను. చెరకు తోట మలుపు దగ్గర ఆగి, మేమిద్దరం ఇంట్లో మాట్లాడుకునే క్రియోల్ భాషలోనే అడిగాడు.

"మో తి పు పాసే, చెల్లీ?"

రాసుంటే నేను పాసయ్యేవాణ్ణేనా అని.

"అయ్యేవాడివి అన్నయ్యా," అన్నాను.

తనను ఊరడించమని అడగలేదు. నిజంగా తెలియక అడిగాడు. అన్నేళ్లలో ఆ ఒక్క మాట అతనికి చెప్పాల్సినవాళ్లు, అప్పటికే కార్లెక్కి ఫీనిక్స్ వెళ్లిపోయారు.