వియ్యంకుడి మాట, వేసవి డీజిలు

నారిన్ కొండల్లో ఏళ్ల తరబడి గడ్డి లారీ నడిపిన తొక్తొసున్‌కు ఏ డీజిలునూ ఊరికే నమ్మే అలవాటు లేదు. కొన్న ప్రతిసారీ కొంచెం సీసాలో పట్టి, రాత్రంతా గేటుకు వేలాడదీసేవాడు. తెల్లవారి అది గంజిలా మసకబారితే, లారీ ఇంకా వెచ్చని కొట్టంలో ఉండగానే ట్యాంకులో కిరసనాయిలు కలిపేవాడు. "చలికి డీజిలులోని మైనం గడ్డకట్టాక కలపడమంటే ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే" అనేవాడు. ఫిల్టరు అడుగున చేరిన నీటిని దించేవాడు, దానికి ఉన్ని కంబళి చుట్టేవాడు. ఇంతటి జాగ్రత్తపరుడు ఒక్కచోట మాత్రం కళ్లు మూసుకున్నాడు.

కొండదారి మలుపు దగ్గరి బంకు అతని వియ్యంకుడు కరీప్‌ది. అక్కడ "శీతకాలపు డీజిలు" అని ఎర్రక్షరాల పలక.

"చలికి జంకే సరుకు కాదు బావగారూ. నా మాట!" అన్నాడు కరీప్.

ఆ మాట విన్నాక సీసా పట్టడం వాళ్లలో చెంపదెబ్బను మించిన అవమానం. దాని ఫలితం ఆ ఇంట కోడలైన కూతురు అనుభవించాలి. తొక్తొసున్ సీసా పట్టలేదు, కిరసనాయిలూ కలపలేదు. పైన శీతకాలపు మకాంలో చూడి గొర్రెలతో అతని వదిన బురుల్ ఈ గడ్డికోసమే కాచుకుని ఉంది. అక్కడ మేత నిండుకుంది.

కనుమ ఎక్కుతుండగా లారీ దగ్గి దగ్గి ఆగిపోయింది. ఫిల్టరు విప్పితే, చల్లారిన మాంసం పులుసు మీది కొవ్వులాంటి ముద్ద. వెంట తెచ్చిన కొత్త ఫిల్టరు బిగించాడు. కాసేపట్లో అదీ పూడుకుపోయింది. ట్యాంకంతా మైనమైతే ఫిల్టరు మాత్రం ఏం చేస్తుంది!

పైనుంచి చూసి బురుల్ గుర్రాలతో దిగివచ్చింది.

"ఏమయ్యా మరిదీ, సీసా చూడలేదా?"

"కరీప్ బావ మాటిచ్చాడు వదినా."

"మాట మేసి బతుకుతాయా నా గొర్రెలు? వియ్యంకుడి మొహం చూశావుగానీ వీటి డొక్కలు చూశావా? దించు, మోపులు దించు!"

గుర్రాలు మోయగలిగినంత మోశాయి. గడ్డి అందేలోగా నీరసించిన గొర్రెలు కొన్ని మళ్లీ లేవలేదు. ఇందులో చలిని తిట్టి లాభమేమిటి? చలి ఎవరికీ మాట ఇవ్వలేదు. మంచులో నడిచేవాడికి ఎండాకాలపు సరుకు అంటగట్టి, ఆపైన చుట్టరికాన్ని హామీగా చూపే నీచానికి ఏ వాతావరణమూ బాధ్యత వహించదు!

లారీని కిందికి లాగించి, తొక్తొసున్ నేరుగా కరీప్ ఇంటికి వెళ్లాడు. కూతురు టీ పోసింది.

"డిపోవాళ్లు ఏది పంపితే అదే పోస్తాం బావగారూ, నాకేం తెలుసు? ముందు రొట్టె తుంచండి" అన్నాడు కరీప్.

ఎంత తొందరలో ఉన్నవాడైనా ఒక్క ముక్క తుంచకుండా ఆ కొండల్లో ఎవరి గడపా దాటడు.

"పలక ఎవరు రాశారు, డిపోవాళ్లేనా? అది దించాక తుంచుతాను."

"ఈపాటిదానికి చుట్టరికం తెంచుకుంటారా?"

"చుట్టరికం కోసమే నోరు మూసుకున్నాను. మూగజీవాలు చచ్చాయి."

తొక్తొసున్ రొట్టె ముట్టకుండానే లేచి, బంకు దగ్గరికి వెళ్లి, అక్కడ వరుసకట్టిన డ్రైవర్లకు వినబడేలా అరిచాడు.

"ఇది వేసవి డీజిలురా తమ్ముళ్లూ! కనుమ ఎక్కేవాళ్లు పోయించుకోకండి!"

ముందున్న లారీ వరుసలోంచి పక్కకు తప్పుకుంది.