వెంకటాచలం మాస్టారి లైను

వెంకటాచలం మాస్టారిది తణుకు. ఇరవై రెండో ఏట సినిమాల్లో ఫైటర్ అవుదామని హైదరాబాద్ వచ్చి, కృష్ణానగర్‌లో గది తీసుకుని, పదమూడేళ్లపాటు దెబ్బలు తిన్నారు. విలన్ ముందు వరసలో నిలబడేవారు. హీరో చెయ్యి విసరగానే మొదట గాల్లోకి లేచేది ఆయనే. ఆయన మొహం తెరమీద ఎప్పుడూ పూర్తిగా కనబడలేదు కానీ వీపు మాత్రం నలభై సినిమాల్లో ఉంది. భార్య శ్యామలాదేవి ఏ సినిమాకి వెళ్లినా ఆ వీపును గుర్తుపట్టి పక్క సీట్లవాళ్లకు చూపించేది.

మోకాళ్లు అరిగాక, కుర్రతనంలో ఆడిన కబడ్డీ తాలూకు సర్టిఫికెట్లు పనికొచ్చి, ఫిల్మ్ నగర్ కొండ దిగువన ఒక ప్రైవేటు కాలేజీలో ఆటల మాస్టారుగా చేరారు. కబడ్డీలో ఆయన నిలబడేది కోర్టు మూలన. కూతకొచ్చినవాడి చీలమండ చేతికి దొరికితే పొద్దుగూకేదాకా వదలరని పేరు. ఉద్యోగం హాయిగానే సాగిపోయేది, చైర్మన్ జగదీశ్ గారి అమ్మాయి వర్ణిక అమెరికాలో చదువు ముగించుకుని కాలేజీకి రాకపోతే.

అందరికీ క్రికెట్ జట్లు ఉన్నాయి కాబట్టి మనకు అమెరికన్ ఫుట్‌బాల్ ఉండాలంది వర్ణిక. బ్రోచర్‌లో ఫోటో బాగుంటుందని తండ్రి ఒప్పుకున్నారు. పెద్ద కోచ్ ఆమే. ఒక రోజు మాస్టారిని క్యాంటీన్‌లో కూర్చోబెట్టి, బల్లమీద సాస్ సీసా నిలబెట్టి, దాని ముందు ఐదు సమోసాలు వరసగా పేర్చింది. సీసా అంటే క్వార్టర్‌బ్యాక్, బంతి విసిరేవాడు. సమోసాలు అఫెన్సివ్ లైన్. అవతలివాళ్లు సీసా మీదికి దూకుతారు, సమోసాలు అడ్డం నిలబడి ఆపాలి. సమోసాలు బంతిని ముట్టుకోవు, పరిగెత్తవు, పాయింట్లు తేవు. ఈ ఐదుగురికీ మీరే కోచ్ అని చెప్పింది.

మాస్టారు సమోసాలను కాసేపు చూశారు.

“అంటే హీరో వెనకాల ఉంటాడు. మనవాళ్లు ముందు నిలబడి తన్నులు తింటారు. పేరు హీరోకి వస్తుంది. అంతేనా అమ్మా?”

“ఎగ్జాక్ట్‌లీ, మాస్టారూ.”

“మరి ఇంత కష్టపడి చెప్పారెందుకండీ. నేను పదమూడేళ్లు చేసిన పని అదే.”

కొత్త గుర్తింపు కార్డు మీద ‘అఫెన్సివ్ కోచ్’ అని అచ్చయింది. ఆఫీసులో సూపరింటెండెంట్ అనసూయమ్మ అది చూసి, ఆయన్ని గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, ఆడపిల్లలను గాని, లెక్చరర్లను గాని ఏమైనా అన్నారా అని నెమ్మదిగా అడిగింది. ఏమీ అనలేదని ఆయన ఎంత చెప్పినా, మర్యాదగా మాట్లాడటం గురించి ఒక పూట క్లాసుకి పంపింది. మాస్టారు వెళ్లి కూర్చుని, నోట్సు కూడా రాసుకుని వచ్చారు.

తరవాతి పని ఐదుగురు లావుపాటి కుర్రాళ్లను వెతకడం. మాస్టారు వారం రోజులు ఎగ్ పఫ్‌ల కౌంటర్ పక్కన నిలబడి, రెండో పఫ్ కొన్నవాడి పేరు రాసుకున్నారు. మూడోది కొన్నవాడి పేరు కింద గీత గీశారు. రెండు గీతలు ఒక్క నవీన్‌కే పడ్డాయి. బోరబండ నుంచి వచ్చే బీకామ్ పిల్లాడు. మనిషి తలుపంత వెడల్పు, మాట మాత్రం చాలా మెత్తన.

అయితే నవీన్ తల్లి భూలక్ష్మి కొడుకును సన్నబరచాలని అప్పటికే కంకణం కట్టుకుని ఉంది. పొద్దున్నే జొన్నరొట్టె, రాత్రి కీరదోసకాయ. మాస్టారు బోరబండ మెట్లెక్కి, రొప్పుతూ వాళ్లింటికి వెళ్లి, కుర్రాణ్ని తగ్గించొద్దని బతిమాలారు.

“సార్, డాక్టర్ జర తగ్గమన్నడు,” అందామె. “మీరేమో చదువు చెప్పే సార్ అయ్యుండి గిట్ల అంటుండ్రు. ఇంకెంత పెంచాలె వీన్ని?”

“పెంచక్కర్లేదమ్మా. ఉన్నది ఉన్నట్టు ఉంచండి చాలు. దాన్ని గట్టిపరిచే పూచీ నాది.”

ఆమె ఆలోచించి, రొట్టె మాత్రం మానిపించనని షరతు పెట్టి ఒప్పుకుంది.

ఆట సామాను ఇంకా రాలేదు. శ్యామలాదేవి ఫిల్మ్ నగర్‌లో పౌరాణిక సీరియళ్లకు దుస్తులు అద్దెకిచ్చే కొట్టులో కుట్టుపని చేస్తుంది. సైనికుల కవచాల్లో పెట్టే స్పాంజితో ఐదుగురికీ భుజాల మెత్తలు కుట్టిపెట్టింది. బంగారు రంగు వెయ్యకుండా ఉండలేకపోయింది. మొదటి మ్యాచ్‌లో జల్లు పడేసరికి ఆ రంగు కరిగి ఎదుటి జట్టు పదకొండుమందికీ అంటుకుంది. వాళ్లు ఇంటికి వెళ్లేటప్పుడు దసరా ఊరేగింపులోంచి తప్పిపోయినవాళ్లలా ఉన్నారు.

అసలు చిక్కు అది కాదు. ఈ ఆటలో ఎదుటివాణ్ని తొయ్యొచ్చు గాని పట్టుకోకూడదు. మాస్టారికి జీవితంలో వచ్చిన విద్యే పట్టుకోవడం, పిల్లలకు నేర్పిందీ అదే. మొదటి మ్యాచ్‌లో నవీన్ ఒకడి చీలమండ పట్టుకుని, బంతి అవతలి గట్టుకి చేరి, రిఫరీ ఈల వేసి, ఆట ఆగి, మంచినీళ్లు తాగే విరామం ఇచ్చినా వదల్లేదు. పక్కనుంచి మాస్టారు శభాష్ అంటున్నారు. ఆ రోజు లైను మీద పద్నాలుగు తప్పులు రాశారు. వర్ణిక తలనొప్పికి కట్టిన రుమాలు ఇంటికెళ్లేదాకా విప్పలేదు.

ఆ రాత్రి మాస్టారికి అన్నం సయించలేదు. ఉన్న ఒక్క విద్యా తప్పేనని తేలితే ఇంక తను నేర్పేదేముందని భార్యతో అన్నారు. పట్టుకునే వీలు లేకుండా చేతిలో ఏదైనా పెట్టరాదా అందావిడ. మర్నాటి నుంచి సాధన మొదలయ్యేముందు ఒక్కొక్కడి రెండు చేతుల్లోనూ రెండు పచ్చి కోడిగుడ్లు. గుప్పెళ్లు గుండెల దగ్గర పెట్టుకుని ఒళ్లంతా అడ్డం పెట్టి తొయ్యాలి, గుడ్డు పగలకూడదు. మొదటి వారం గ్రౌండంతా ఆమ్లెట్ వాసన. రెండో వారానికి నలుగురి చేతుల్లో గుడ్లు నిలిచాయి. నవీన్ గుడ్లు అయితే మొదటి రోజు నుంచీ ఒక్కటీ పగల్లేదు. మాస్టారు గర్వపడి అందరికీ వాణ్ని చూపిస్తుండగా ఒకటి జారి కింద పడి దొర్లుకుంటూ వెళ్లింది. వాడు ఇంట్లో ఉడకబెట్టించుకుని తెస్తున్నాడు. వాళ్లమ్మ ఉప్పూ మిరియాల పొడీ కూడా పొట్లం కట్టి ఇస్తోందట.

రెండో ఏటికి లైను గోడలా తయారైంది. దాని వెనక నిలబడి బంతి విసిరేవాడు విహారి, జూబ్లీ హిల్స్‌లో ఉండే ఒక నిర్మాత కొడుకు. హెల్మెట్ తీసుకొచ్చేది డ్రైవరు. మంచివాడే, కాకపోతే తన ముందు ఐదుగురున్నారని వాడికి ఎప్పుడోగాని గుర్తొచ్చేది కాదు.

ఆ ఏడు విహారి నాన్నగారి సినిమాకి జూబ్లీ హిల్స్‌లో ప్రీ రిలీజ్ ఈవెంట్ పెట్టారు. బౌన్సర్ల వ్యాన్ పొరపాటున వేరే హాలుకి వెళ్లి, ఎవరిదో పెళ్లి రిసెప్షన్‌కి కాపలా కాస్తోంది. యువ హీరో కారులో, కారు చుట్టూ రెండువేలమంది అభిమానులు. విహారి మాస్టారికి ఫోన్ చేశాడు. పది నిమిషాల్లో ఐదుగురు వచ్చి, హీరో చుట్టూ గుండ్రంగా నిలబడి, గుప్పెళ్లు గుండెలకు ఆనించి కదిలారు. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు, ఎవర్నీ కొట్టలేదు. మీదికొచ్చిన అభిమానులు వచ్చినట్టే వెనక్కి వెళ్లి, తమకేమైందో తెలియక నవ్వుకున్నారు. హీరో స్టేజీ ఎక్కి, తన జుట్టు చెదరకుండా ఇంతదూరం రావడం ఇదే మొదటిసారని మైకులో చెప్పాడు.

సోమవారం పొద్దున సాధనకి విహారి ఒక్కడే వచ్చాడు. ఐదుగుర్నీ బౌన్సర్ల కంపెనీ తీసుకుపోయింది. టోర్నమెంటు ఫైనల్ ఆదివారం.

మాస్టారు మూడు రోజులు ఫోన్ ఆపేసి ఇంట్లో కూర్చున్నారు. తను పెంచిన గోడ పక్కింటివాళ్లు ఎత్తుకుపోయినట్టు ఉందని ఒక్క భార్యతోనే అన్నారు. నాలుగో రోజు సాయంత్రం, కొత్తగా తెరుస్తున్న ఒక బిర్యానీ హోటల్ ముందు నల్ల సఫారీ సూటులో నిలబడి ఉన్న నవీన్ దగ్గరికి వెళ్లారు. వాడి పాదాల వంక చూశారు.

“కుడికాలు కొంచెం వెనక్కి జరుపు. అలా నిలబడితే ఎవడైనా తోసేస్తాడు.”

నవీన్ జరిపాడు. “సార్, గీడికెందుకొచ్చిండ్రు?”

“రమ్మని అడగడానికి కాదు. ఆదివారం పొద్దున ఏడింటికి మ్యాచ్. విహారి ఒక్కడే నిలబడతాడు. అది చెబుదామని.”

“గట్లెందుకంటరు సార్. మా డ్యూటీ సాయంత్రం. సోమవారం నుంచి పొద్దుగాల గాడ ట్రైనింగ్ ఉండె, మీకు ఫోన్ చేస్తే ఎత్తలే. ఐదుగురం చేసినం. బంద్ వచ్చింది.”

మాస్టారు జేబులోంచి ఫోన్ తీసి ఆన్ చేశారు. ముప్ఫై ఒక్క మిస్డ్ కాల్ మెసేజీలు వచ్చిపడ్డాయి. కళ్లజోడు తుడుచుకునే నెపంతో కాసేపు అటు తిరిగి నిలబడ్డారు.

ఆదివారం ఐదుగురూ వచ్చారు, సగం నిద్రలో. ఫైనల్‌కి విజయవాడ నుంచి వచ్చిన జట్టు బలమైనది. చివరి నిమిషం దాకా వాళ్లదే పైచేయి. ఆఖరి విసురుకి అవతలి జట్టులో అందరికంటే పెద్దవాడు విహారి మీదికి రైలింజన్‌లా వచ్చాడు. ఎదురుగా నవీన్. వారం రోజుల బౌన్సర్ అలవాటు కొద్దీ వాడు గుప్పెళ్లు గుండెలకు ఆనించి, ఎంతో మర్యాదగా అడిగాడు.

“అన్నా, పాస్ ఉందా?”

ఆ కుర్రాడు ఆగి, జేబు తడుముకున్నాడు. ఆ దుస్తులకు జేబుల్లేవు. అది వాడికి గుర్తొచ్చేలోపు బంతి గాల్లో యాభై గజాలు వెళ్లి మనవాడి చేతిలో పడింది. అవతలి కోచ్ అభ్యంతరం చెప్పాడు. రిఫరీ నిబంధనల పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేసి, ప్రశ్న అడగకూడదని ఎక్కడా లేదని తేల్చి, గెలుపు మనదేనన్నాడు.

కప్పు విహారి చేతికి ఇచ్చారు. వాడు తల్లికి, తండ్రికి, వర్ణికకి, అభిమానులకి, డ్రైవర్‌కి కృతజ్ఞతలు చెప్పాడు. వెనకాల ఐదుగురు అరటిపళ్లు తింటూ చప్పట్లు కొట్టారు.

ఉతికే మనిషి రాలేదని జట్టు చొక్కాలన్నీ మాస్టారి ఇంటికే వచ్చాయి. శ్యామలాదేవి ఒక్కొక్కటే బకెట్లో వేస్తూ, ఒకదాన్ని పైకెత్తి వెలుతురులో చూసింది.

“ఇదెవరిదండీ? ఈ అబ్బాయి ఆడలేదా?”

“విహారిది. ఆడాడు. గెలిపించింది వాడేనట.”

చొక్కా ఇస్త్రీ కూడా చెదరలేదు. ఆయన దాన్ని మంచం మీద పరిచి, ఫోటో తీసి, ఐదుగురికీ పంపారు. మోచేతి దగ్గర మాత్రం పెసరగింజంత పచ్చిక మరక ఉంది. అది ఎవరి పక్కనుంచి వచ్చిందని వాళ్లు రెండు రోజులు వాట్సాప్‌లో పోట్లాడుకున్నారు. ఎవరి పక్కనుంచో మాస్టారికి తెలుసు. చెప్పలేదు. సోమవారం నాడు ఎడమ చివరి కుర్రాడి చేత మాత్రం ఓ అరగంట ఎక్కువ సాధన చేయించారు.