గడప దాటని తప్పులు

మా అన్నయ్యను వీధిలో అందరూ అరంగుళం అని పిలుస్తారు. పొట్టివాడని కాదు, తల వంచకుండా కొట్టు గుమ్మం దాటలేడు. పిల్లల బట్టలు ఏవి కుట్టినా లోపలి కుట్టు దగ్గర అరంగుళం గుడ్డ అదనంగా వదిలిపెట్టడం అతని అలవాటు. "పెరిగే పిల్లలు. రేపు విప్పి వదులు చేసుకోవాలా వద్దా?" అంటాడు. ఊళ్ళో పిల్లలందరికీ అరంగుళం వదిలిన ఈ పెద్దమనిషి కన్నకూతురికి మాత్రం వెంట్రుకవాసి కూడా వదల్లేదు. నా ఒళ్ళు మండేది అక్కడే.

నేను అతని చెల్లెలిని. కొట్లో రెండో మిషను నాది. కాజాలు తీయడం, గుండీలు కుట్టడం, అంచులు మడవడం నా పని. కత్తెర మాత్రం ముట్టుకోనివ్వడు. కొట్టు ఎంత ఇరుకంటే, కొలతలివ్వడానికి ఇద్దరు ఒకేసారి వస్తే ఒకరు వెళ్ళి అద్దంలో నిలబడాల్సిందే. గోడకు పేరు చీటీలు గుచ్చిన బడి యూనిఫారాలు, మూలగా ఇస్త్రీ బల్ల. ప్రతి బట్టా ఆ బల్ల మీద అన్నయ్య కళ్ళ కింది నుంచి పోవాలి. జేబు నూలుపోగంత వంకరగా ఉన్నా కుట్లన్నీ విప్పేస్తాడు. "తప్పు మన గడప దాటకూడదు" అన్నది అతని మాట. ఆ మాట కోసం ఒకసారి ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళాల్సిన మనిషిని బనీను మీద అరగంట నిలబెట్టాడు. ఆ ఉద్యోగం వచ్చిందో లేదో మాకు తెలీదు, జేబు మాత్రం తిన్నగా వచ్చింది.

అన్నయ్యకు ఒక్కతే కూతురు. పాకే వయసులో చొక్కా గుండీ మింగేసి రెండు రోజులు ఇంటిల్లిపాదినీ ఏడిపించింది. అప్పటినుంచి బొత్తాం అనే పేరు అతుక్కుపోయింది. ఇప్పుడు ఆరో తరగతి. వదిన బ్రెడ్డు ఫ్యాక్టరీలో తెల్లారకముందే షిఫ్టుకి వెళ్ళి, సాయంత్రానికి కూర్చున్నచోటే కునికిపాట్లు పడుతుంటుంది. అందుకని బడి వదలగానే బొత్తాం నేరుగా కొట్టుకే వచ్చి, ఇస్త్రీ బల్ల చివర సంచి పెట్టుకుని హోంవర్కు చేసుకుంటుంది.

బడివాళ్ళు ఆ కాగితం పంపకపోతే అంతా సవ్యంగానే ఉండేది. 'మీ పిల్లల చదువులో మీరు ఎలా పాలుపంచుకోవచ్చు?' అని పైన పెద్ద అక్షరాలు. కింద పది పనులు, పక్కన పది గళ్ళు. చేసిన పనికి టిక్కు పెట్టి నెల నెలా పంపాలి. ఎక్కువ టిక్కులు వచ్చిన తల్లికో తండ్రికో సర్టిఫికెట్టు ఇస్తారట. మిగతా ఇళ్ళల్లో ఆ కాగితం ఏమైందో నాకు తెలీదు. అన్నయ్య మాత్రం దాన్ని ఇస్త్రీ చేసి గోడకు గుచ్చాడు.

ఇక చూడాలి. బడి స్టేజీకి కొత్త తెరలు కుట్టిపెట్టాడు. నాటకంలో చెట్టు వేషం వేసే పిల్లలకు ఆకుపచ్చ తొడుగులు కుట్టాడు, చెట్లకు కూడా అరంగుళం వదిలాడు. తల్లిదండ్రుల మీటింగుకి కోటు వేసుకుని వెళ్ళి, పిల్లలు కూర్చునే బెంచీలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. 'ఈ రోజు బడిలో ఏం జరిగిందో ప్రేమగా అడగండి' అని నాలుగో గడి. బొత్తాం గడపలో కాలు పెట్టగానే, "ఈ రోజు బడిలో ఏం జరిగింది?" అని దొంగను పట్టుకున్న పోలీసులా అడిగేవాడు. "ఏం జరగలేదు నాన్నా, నిజంగా ఏం జరగలేదు" అని అది బిత్తరపోయేది.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉన్నాయి. అసలు తంటా ఏడో గడితో వచ్చింది. 'హోంవర్కు పుస్తకాన్ని రోజూ చూడండి.' చూడమన్నారు పాపం, అంతే. కానీ మా అన్నయ్యకు చూడటమంటే ఏమిటో తెలుసుగా. చొక్కాలు చూసే బల్ల మీదే పుస్తకం పరిచేవాడు. ఎక్కడ తప్పు కనబడినా రబ్బరుతో చెరిపేసేవాడు, కుట్టు విప్పినట్టే. ఆ తర్వాత సుద్దతో గుడ్డ మీద గుర్తులు పెట్టే చేత్తోనే, పెన్సిలుతో సన్నటి చుక్కలతో సరైన అంకెలు వేసేవాడు. బొత్తాం ఆ చుక్కల మీద తన పెన్సిలు పోనిచ్చేది. గుర్తు వెంట కత్తెర పోయినట్టు ఎంత నీటుగా పోయేదో! లెక్కల టీచరు రోజూ 'చాలా బాగుంది' అని రాసి పంపేది. నేను పక్కనే కూర్చుని కాజాలు తీస్తూ అంతా చూశాను. ఒక్క మాట అనలేదు. ఆ తప్పు మాత్రం నాదే.

అర్ధసంవత్సరం లెక్కల పరీక్ష రాసి వచ్చిన రోజు, "ఎలా రాశావమ్మా?" అంటే బొత్తాం, "అన్నీ బాగా రాశాను" అంది. అబద్ధం చెప్పలేదు, అలాగే అనుకుంది. మార్కులు చెప్పే రోజునే బడిలో సర్టిఫికెట్లూ ఇచ్చారు. అన్నయ్యకు పదికి పది గళ్ళు. 'ఆదర్శ తండ్రి' అని బంగారు రంగు అక్షరాలు. చప్పట్లు కొట్టించుకుని స్టేజీ దిగాడో లేదో, బొత్తాం పేపరు చేతికొచ్చింది. యాభైకి పదకొండు.

సర్టిఫికెట్టు ఒక చేత్తో, పేపరు ఒక చేత్తో పట్టుకుని లెక్కల టీచరు మీదికి వెళ్ళాడు. నేనూ వెనకాలే పరిగెత్తాను.

"పుస్తకంలో ఒక్క తప్పైనా ఉందా చెప్పండి! రోజూ మీరే బాగుందని రాశారుగా?" అన్నాడు.

"అదేనండీ నాకూ అర్థం కానిది. పుస్తకం చూస్తే ఈ పిల్లకు అన్నీ వచ్చు. అందుకే మళ్ళీ చెప్పే పని లేదనుకున్నాను" అంది ఆవిడ. బొత్తాం వైపు తిరిగి మెల్లగా అడిగింది. "ఇంట్లో లెక్క ఎలా చేస్తావమ్మా?"

"నాన్న చుక్కలు పెడతాడు టీచర్. నేను కలుపుతాను."

అన్నయ్య సర్టిఫికెట్టును కోటు వెనక్కి పెట్టుకున్నాడు. టీచరు బొత్తాం తల నిమిరి, "ఏడాది చివరి పరీక్షలో కూడా ఇలాగే వస్తే పిల్లను ఆరులోనే ఉంచేయాల్సి వస్తుంది. ఈ మూడు నెలలూ తప్పులు తప్పులుగానే పంపండి. నేను చూసుకుంటాను" అంది.

ఇంటికొచ్చేదాకా అన్నయ్య బుసలు కొడుతూనే ఉన్నాడు. "తప్పులతో పంపాలట! రేపు చేతులు లేని చొక్కా పంపి, చూసుకోండి అననా?" వెనకాల నడుస్తున్న బొత్తాం నా కొంగు పట్టుకుంది. "అత్తా, నాకు లెక్కలు రావు కదా? అందుకే నాన్న చుక్కలు పెట్టాడు కదా?" అని అడిగింది. తండ్రి గడప దాటకుండా ఆపిన తప్పులన్నీ వెళ్ళి ఆ పిల్ల లోపల కూర్చున్నాయి.

మర్నాడు సాయంత్రం బ్యాంకు గుమాస్తా కోటు ట్రయలుకి వచ్చాడు. అసలు కుట్లు వేసేముందు, వదులు కుట్లతో నిలబెట్టిన కోటు తొడిగి చూడటమే ట్రయలు. గుమాస్తాకి బొజ్జ ఉంది. అద్దం ముందు నిలబడగానే ఊపిరి బిగబట్టి దాన్ని లోపలికి లాక్కున్నాడు.

"గాలి వదలండి సార్" అన్నాడు అన్నయ్య.

"వదిలాను."

"వదల్లేదు. మొహం ఎర్రబడిపోతోంది. ఇప్పుడు మీరు దాచేస్తే నేను ఏ బొజ్జకని కుట్టను? ఎక్కడ బిగుతో, ఎక్కడ వదులో నాకిప్పుడే కనబడాలి. అన్నీ కుట్టేశాక బయటపడితే ఎవరేం చేస్తారు?"

నేను సూది ఆపాను. "అన్నయ్యా, ఇప్పుడేమన్నావో మళ్ళీ అను."

"ఏమన్నాను? దాచేస్తే..." అంటూ ఇస్త్రీ బల్ల వైపు చూశాడు. అక్కడ బొత్తాం తెరిచిన పుస్తకం మీద పెన్సిలు పట్టుకుని, చుక్కల కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. అన్నయ్య నోట్లోని గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశాడు. పాపం గుమాస్తా మాత్రం ఇంకా గాలి వదల్లేదు.

ఆ రోజునుంచి ఏడో గడి ఖాళీ. తనన్న మాటకి కట్టుబడ్డాడు గానీ అతని అవస్థ చూడాలి. తల ప్రాణం తోకకి వచ్చేది. బొత్తాం తప్పు అంకె వేసినప్పుడల్లా దారం కొరికేవాడు. ఆ నెలలో అతను కొరికిన దారంతో ఇద్దరికి చొక్కాలు కుట్టొచ్చు. రబ్బరును నా డబ్బాలో పెట్టి తాళం వేయమన్నాడు. పుస్తకం నిండా ఎర్ర గీతలు రావడం మొదలైంది. మొదటి గీత చూసి కొట్టు బయటికి వెళ్ళి నిలబడ్డాడు. ఏడ్చాడని నేను అనను, కళ్ళజోడు మాత్రం రెండుసార్లు తుడుచుకున్నాడు.

టీచరు మాత్రం మాట నిలబెట్టుకుంది. ప్రతి ఎర్ర గీత పక్కనా, 'ఇది ఎలా వచ్చింది? చెప్పు' అని రాసేది. బొత్తాం చెప్పడం నేర్చుకుంది. ఒక సాయంత్రం అర, మూడో వంతు కలిపే లెక్క వచ్చింది. పైవి పైవి, కిందవి కిందవి కూడేసి 2/5 అని రాసింది. అంగుళాన్ని ఎనిమిది ముక్కలు చేసి బతికే మనిషి కూతురు! అన్నయ్య నా చెవి దగ్గరికి వచ్చాడు.

"తప్పే కదా?"

"తప్పే."

"చెప్పనా?"

"నోరెత్తావంటే చూడు."

బొత్తాం కాసేపు పెన్సిలు నమిలింది. తర్వాత లేచి, అన్నయ్య మెడలోంచి టేపు లాక్కుంది. అరవై అంగుళాల టేపు. సగానికి మడిచింది, ముప్పై. మూడు మడతలు వేసింది, ఇరవై. తర్వాత ఐదు మడతలు వేసి రెండు మడతలు లెక్కపెట్టింది. దాని కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"అత్తా, ముప్పైకి ఇరవై కలిపితే ఇరవై నాలుగు ఎలా అవుతుంది? తగ్గిపోయిందేంటి?"

అన్నయ్య నోరు తెరిచాడు. అది చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు చెప్పకు నాన్నా. తప్పని నాకు తెలుసు. ఎక్కడో వెతుక్కుంటున్నా."

అన్నయ్య చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు. మనిషి మొహంలో ఎంత సంతోషం ఉందో, అంత దిగులూ ఉంది. తన అవసరం తీరిపోతున్నట్టు అనిపించిందేమో.

చివరి పరీక్ష రోజు కొట్టు మూసేసి ఇద్దరం బడి గేటు దగ్గర నిలబడ్డాం. గంట కొట్టారు. బొత్తాం మొహం వేలాడేసుకుని వచ్చింది.

"నాన్నా, ఒక లెక్క తప్పు చేశాను."

అన్నయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఏది?"

"ఏడోది. కింది అంకెలు సమానం చేశాను గానీ పై అంకె మార్చడం మర్చిపోయాను. మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది."

అన్నయ్య నావైపు తిరిగి గేటు అదిరేలా అరిచాడు. "విన్నావా? ఎక్కడ తప్పు చేసిందో చెబుతోందే!"

ఆ రోజంతా వచ్చినవాడికీ పోయినవాడికీ అదే చెప్పాడు. "మా అమ్మాయి ఏడో లెక్క తప్పు చేసిందండీ!" కొత్త ప్యాంటు కొలతలకి వచ్చిన గుమాస్తా, ఇది అభినందించే విషయమో ఓదార్చే విషయమో తెలియక, బొజ్జ లోపలికి లాక్కుని నిలబడ్డాడు.

యాభైకి ముప్పై ఆరు వచ్చాయి. ఏడులోకి వెళ్ళింది. ప్రోగ్రెసు రిపోర్టుతోపాటు ఆఖరి నెల పది గళ్ళ కాగితం కూడా ఇచ్చారు. కిందన ఒక ఖాళీ గీత. 'మీ బిడ్డ చదువుకు ఈ నెల మీరు చేసిన సాయం.' అన్నయ్య చాలాసేపు ఆలోచించి, గుండ్రటి అక్షరాలతో 'నోరు మూసుకున్నాను' అని రాసి పంపాడు.

వారానికి బడినుంచి చీటీ వచ్చింది. బొత్తాం చదువు మీద ఇంట్లో శ్రద్ధ తగ్గినట్టు ఖాళీగా వస్తున్న ఏడో గడిని బట్టి తెలుస్తోందని, వచ్చే ఏడాదైనా తండ్రిగారు చొరవ చూపాలని రాశారు. అన్నయ్య మొహం మాడిపోయింది. ఎంతైనా ఆదర్శ తండ్రి కదా. దాన్ని చించలేక, దాచలేక ఇస్త్రీ బల్ల మీద పడేశాడు.

సెలవుల్లో కాగితం దొరికితే చాలు కదా, బొత్తాం ఆ చీటీ వెనక్కి తిప్పి ఏడో తరగతి పుస్తకంలోని మొదటి లెక్క మొదలుపెట్టింది. రెండో వరుసలోనే తప్పు పడింది. అన్నయ్య చూశాడు. నేనూ చూశాను. "చేతులు పైకెత్తండి సార్" అంటూ అన్నయ్య టేపు తీసుకుని, గుమ్మంలో నిలబడ్డ మనిషి కొలతలు తీయడానికి వెళ్ళాడు.