మూగపోయిన లారీ

మా ఇంట్లో టీవీలో లారీ నడిపేది నేను. గేరు ఎప్పుడు మార్చాలో చెప్పేది మా ఆయన. ఈ ఏర్పాటు గురించి విన్నవాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనివ్వండి, మాకేం నష్టం లేదు.

ఆయన ఆకివీడు నుంచి చేపల లారీ తోలేవారు. ఐసు కొట్టిన పెట్టెలు ఎక్కించుకుని బయల్దేరితే కలకత్తా చేరేదాకా ఐసుతో పందెమే. షుగరు ఆ కళ్ళని కొద్దికొద్దిగా తినేసింది. ఏలూరులో చూపించాం, విజయవాడ తీసుకెళ్ళాం, లేజరు పెట్టించాం. ఇప్పుడు వెలుగు తెలుస్తుంది, మనిషి ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు. ఎవరూ చెప్పకముందే ఆయనే ఒకరోజు తాళాలు ఓనరు చేతిలో పెట్టేసి ఇంటికొచ్చారు. "చూపు తగ్గినోడు స్టీరింగు ముట్టుకోకూడదు, అది పాపం" అన్నారు. ఆ మాట మీద ఎలా నిలబడ్డారంటే, మా గుమ్మం ముందు ఆగిన ఆటో హ్యాండిలు మీద కూడా చెయ్యి వెయ్యరు.

నేను పెదపాడులో ఒక బళ్ళో కంప్యూటర్ టీచర్ని. మా ల్యాబ్‌లో విండోస్ ఉండదు, లినక్స్ ఉంటుంది. ఊరికే వస్తుంది కాబట్టి బడివాళ్ళకి ముద్దు, చేతికి అలవాటైంది కాబట్టి నాకు ముద్దు. ఇంట్లో కంప్యూటర్‌లోనూ అదే వేసుకుని, ఒక HDMI వైరుతో టీవీకి తగిలించాను. బొమ్మా, శబ్దమూ రెండూ ఆ ఒక్క వైరులోనే వెళతాయి. తాడేపల్లిగూడెంలో ఉండే మా తమ్ముడు ఒక జాయ్‌స్టిక్ తెచ్చిచ్చాడు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, పొద్దుపోక, లారీలు తోలే ఆట ఒకటి పెట్టుకుని కూర్చున్నాను.

పడక్కుర్చీలో కునుకు తీస్తున్న మనిషి కళ్ళు తెరవకుండానే అన్నారు కదా, "థర్డ్‌లోనే ఎంతసేపే? ఫోర్త్ వెయ్యి. ఇంజను ఏడుస్తంది."

వేశాను. ఇంజను ఏడుపు మానింది. ఆయన లేచి కుర్చీ ముందుకు లాక్కున్నారు.

అప్పటినుంచి ఆదివారం మధ్యాహ్నాలు మా ఇద్దరివీ. ఆ ఆటలో రోడ్లు ఏ దేశానివో గానీ, ఆయనకి మాత్రం ఒకటి ముదినేపల్లి మలుపు, ఒకటి గుడివాడ రోడ్డు. "గుడివాడ రోడ్డే గానీ, గుంతలేవే?" అని వెక్కిరింపు ఒకటి. నేను పనిగట్టుకుని చేపల లోడే ఎంచుకునేదాన్ని. "ఐసు సరిగ్గా కొట్టారా లేదా, దిగి చూడు" అనేవారు. టీవీలోంచి ఎలా దిగనండీ! ఎదర ఏముందో నేను చెప్పడం, ఇంజను చప్పుడు విని ఏం చెయ్యాలో ఆయన చెప్పడం. ఒక్కసారి కూడా జాయ్‌స్టిక్ అడగలేదు. ఇచ్చినా చేతులు వెనక్కి పెట్టుకునేవారు. "ఎవర్ని గుద్దేస్తారండీ, టీవీలో వాళ్ళనా?" అని ఏడిపించినా సరే. కానీ ఆ కాసేపూ ఆయన గొంతు మారిపోయేది. లారీ దిగి వచ్చి గుమ్మంలోంచి కేకేసే నాటి గొంతు. నాకు ఆ గొంతంటే ప్రాణం.

అలాంటిది ఒక ఆదివారం శబ్దం పోయింది.

తెర మీద లారీ పోతోంది, చక్రాలు తిరుగుతున్నాయి, చడీచప్పుడూ లేదు. ఆయన చెవి రిక్కించి, "ఇంకా స్టార్ట్ చెయ్యలేదా?" అన్నారు.

"రోడ్డు మీదే ఉన్నామండీ. సౌండు రావట్లేదు."

నేను వాల్యూమ్ పెంచాను, టీవీ ఆపి వేశాను, ఆట మూసి తెరిచాను. ఆయన మెల్లగా లేచి, "సరే, నువ్వు తోలుకో. నేనలా వరండాలో కూచుంటా" అని గోడ తడుముకుంటూ వెళ్ళిపోయారు. మా ఇంట్లో ఆయన గోడ తడమరు, ఎక్కడేముందో కంఠతా వచ్చు. ఆ రోజు తడిమారు.

ఇక నాకు పట్టుదల వచ్చింది. బజారుకెళ్ళి కొత్త వైరు తెచ్చాను. "మేడమ్, విండోస్ వేయించేసుకోండి, గొడవొదిలిపోద్ది" అన్నాడు కొట్టతను. "గొడవ వదలాలంటే కరెంటే తీయించేసుకుంటాను బాబూ, నువ్వు వైరివ్వు" అన్నాను. వైరు మార్చినా అంతే. ఆట తీసేసి మళ్ళీ వేశాను. అంతే. సెట్టింగ్స్ తెరిచి చూస్తే శబ్దం టీవీకే పంపుతున్నానని కంప్యూటర్ ఒట్టేసి చెబుతోంది. పరీక్షకి ఒక క్రైస్తవ పాట పెడితే టీవీ గొంతెత్తి పాడుతోంది. ఆడదామని కూర్చుంటే మాత్రం మూగనోము. నా చదువు మీద నాకే ఒళ్ళు మండింది.

తరవాతి ఆదివారం అన్నం తిన్నాక ఆయన తిన్నగా వరండా దారి పట్టారు. "ఇలా రండి. ఇవాళ దీని సంగతి తేల్చేస్తాను" అన్నాను.

"వదిలెయ్యవే. పోయినవాటి వెనక ఎంతకని పరిగెడతాం?"

"పోలేదండీ! పోతే పోయిందని నేనే చెప్తాను కదా!" అని అరిచేశాను. అరిచాక నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయనకి నా మొహం కనిపించదు గానీ గొంతులో తడి తెలిసిపోతుంది. వచ్చి కూర్చున్నారు.

ఆట పెట్టాను. లారీ స్టార్టులో ఉంది, శబ్దం లేదు. టీవీ వెనక్కి దూరితే దుమ్ము లేస్తుందని ఫ్యాను కట్టేశాను. జాయ్‌స్టిక్ బల్ల అంచున జారిపోతుంటే, "కాస్త పట్టుకోండి, కింద పడితే పాడైపోతుంది" అని ఆయన ఒళ్ళో పడేశాను. ఆయనకి కాదనే వ్యవధి లేదు. వేడి గిన్నె పట్టుకున్నట్టు పట్టుకున్నారు.

నేను టీవీ వెనక వైర్లతో కుస్తీ పడుతున్నాను. "ఏమేవ్" అని మెల్లగా పిలుపు. "బండి స్టార్టులోనే ఉందే. ఇదుగో, ఇందులో ఉంది."

బయటికొచ్చి చూద్దును కదా, ఆ జాయ్‌స్టిక్‌ని చెవికి ఆనించుకుని కూర్చున్నారు. నేనూ చెవి పెట్టాను. అగ్గిపెట్టెలో పెట్టిన తుమ్మెదలాగా, ఇంజను! దాని పొట్టలో చిన్న స్పీకరు ఉందన్న సంగతే నేను మరిచిపోయాను.

అప్పుడు వెలిగింది నాకు. మొదట్లో దాన్ని వైరు లేకుండానే వాడేవాళ్ళం. ఈమధ్య బ్యాటరీ నీరసించిందని వైరుతో కంప్యూటర్‌కి గుచ్చడం మొదలుపెట్టాను. గుచ్చగానే కంప్యూటర్ ఇదేదో కొత్త స్పీకరు కాబోలనుకుని, టీవీని వదిలేసి శబ్దమంతా దీని చెవిన వేస్తోంది. మరి నాకెందుకు దొరకలేదూ అంటే, నా పంతులమ్మ బుద్ధి. పనైపోయాక ప్లగ్గు పీకేయాలని పిల్లలకి నేర్పేదాన్ని కదా, ఆట ఆపిన మరుక్షణం దాన్ని పీకేసి, ఆ తరవాతే తీరిగ్గా తప్పు వెతికేదాన్ని. పీకాక తప్పెక్కడుంటుంది, నా మొహం!

"చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయిందండీ" అన్నాను.

"బిడ్డ ఏడుస్తంది, ముందు చూడు" అన్నారు.

వైరు అలాగే ఉంచి సెట్టింగ్స్ తెరిచాను. జాబితాలో జాయ్‌స్టిక్ పేరు దర్జాగా కూర్చుని ఉంది. దాన్ని స్పీకరుగా లెక్కలోకి తీసుకోవద్దని చెప్పి, టీవీకి మార్చాను. ఒక్కసారిగా గదంతా ఇంజను మోత. ఆయన వెన్ను నిటారుగా అయింది. ఆనందం పట్టలేక నేను చప్పట్లు కొట్టాను.

"ఇటివ్వండి, బయల్దేరదాం" అని చెయ్యి చాపాను.

ఆయన ఇవ్వలేదు. బొటనవేళ్ళతో దాని మీద మీటలు ఒక్కొక్కటీ తడుముతున్నారు. "రివర్సు ఎక్కడే ఇందులో?" అన్నారు, నన్ను అడగనట్టు, చాలా చిన్నగా.

ఏ వేలు ఎక్కడ పెట్టాలో పెట్టి చూపించాను. తెర మీద మా లారీ ఒక గోడౌను ముందు ఉంది, వెనక్కి పెట్టి లోడు దించాలి. నేను కుర్చీ పక్కన నిలబడి, వెనకటి రోజుల్లో ఆయన క్లీనరు బండి తలుపు మీద కొట్టినట్టు, కుర్చీ చేతి మీద అరచేత్తో కొడుతూ అరిచాను. "రానీ... రానీ... రానీ... కొంచెం ఎడమకి... రానీ... ఆపండి ఆపండి!"

క్లీనరు ఆలస్యంగా అరిచింది. ధడేలుమని చప్పుడు.

ఆయన వేళ్ళు మీటల మీద నుంచి లేచిపోయాయి. "ఎవరికన్నా తగిలిందా?" అన్నారు.

"స్తంభమండీ. ఉత్త స్తంభం. ఎవ్వరూ లేరక్కడ."

"నిజం చెప్పు. ఎవరికీ తగల్లేదుగా?"

ఆయన భుజం మీద చెయ్యి వేశాను. "ఎవరికీ ఏమీ కాలేదండీ. నేను చూస్తున్నానుగా."

ఇంజను వైపు చెవి ఒగ్గారు. తరవాత వేళ్ళు ఒక్కొక్కటే మీటల మీదకి తిరిగొచ్చాయి.

"అయితే మళ్ళీ చెప్పు" అన్నారు. "ఈసారి కాస్త ముందే కేకెయ్యి."