మిర్చి కల్లం పక్కన రాతి గది

గ్రీసు దీవిలో పొలం మధ్య రాతి గదుల్లో బస చేయాలని రెండేళ్లుగా నాకు ఒకటే పిచ్చి. విమాన టికెట్ల ధర చూసిన ప్రతిసారీ అది కొంత తగ్గేది. కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసే మా మేనమామ నా గోల భరించలేక, "రాతిగోడల కోసం గంత దూరం పోవాల్నారా? వర్ధన్నపేట అవతల యాకమ్మ తన పొలంకాడ అర్రలు కిరాయికిస్తాంది, పో" అన్నాడు. మార్చిలో ఒక శనివారం బయల్దేరాను.

వరంగల్‌లో ఉదయం తొమ్మిదికి బస్సెక్కితే వర్ధన్నపేటకు దాదాపు గంట. అక్కడి నుంచి పాలకుర్తి వైపు ఆటోలో మరో అరగంట, రెండు వందలు. "ఆ అర్రలల్ల ఏసీ లేదు సారూ, ఎరుకేనా?" అని డ్రైవర్ రెండుసార్లు హెచ్చరించాడు. ఏసీ అవసరమే పడలేదు. మూరెడు మందం నల్లరాతి గోడలు, సున్నం పూత, పైన పెంకులు. మిర్చి బస్తాలు దాచుకోవడానికి యాకమ్మ మామ కట్టించిన గదులు రెండు. నాలుగేళ్ల కిందట వాటిలో మంచాలు వేశారు. రెండు పూటలా భోజనంతో రోజుకు పన్నెండు వందలు. జొన్నరొట్టె, వంకాయ కూర, పచ్చిపులుసు మొహమాటం లేకుండా తిని పడుకున్నాను.

నాలుగింటికి ఉరుము లేపింది. ఎదుట కల్లంలో ఏడాది పంటంతా ఎండబోసి ఉంది. యాకమ్మ, ఆమె భర్త సమ్మయ్య ఆదరాబాదరాగా ఎత్తుతున్నారు. ఉన్న టార్పాలిన్ ఓ మూలకే వచ్చింది, ఇల్లు ముందే వడ్ల బస్తాలతో నిండింది. నా గదిలో పోయమన్నాను. "పైసలిచ్చి దిగినోళ్ల అర్రల ఎట్ల పోస్తం బిడ్డా?" అని ఆమె వెనకాడింది. నేనే మంచం వరండాలోకి లాగాక ఒప్పుకుంది. గది చూస్తుండగానే నిండిపోయింది. పక్క గదికి తాళం. అందులో దిగిన హైదరాబాద్ దంపతులు పాలకుర్తి గుట్ట మీది గుడికి వెళ్లారు, ఫోన్ కలవడం లేదు. రెండో తాళంచెవి మాత్రం యాకమ్మ బొడ్లోనే ఉంది.

"తెరువమ్మా, వాళ్లేమీ అనుకోరు" అన్నాను.

"వాళ్లు లేంది నేను తియ్య."

"జర ఆలోచన చెయ్యే, ఏడాది కష్టమిది!" సమ్మయ్య బతిమాలాడు.

ఆమె కదల్లేదు. చినుకులు మొదలయ్యాయి. నాకు ఆమె మీద నిజంగానే కోపం వచ్చింది. మిగిలిన మిర్చి మీద చీరలు, దుప్పట్లు, చివరికి నా రెయిన్‌కోటు కూడా కప్పాం. అరగంట వానను అవేవీ ఆపలేకపోయాయి.

ఆరింటికి దంపతులు తిరిగొచ్చారు. కల్లం చూసి ఆవిడ, "అయ్యో, మా గది తెరవాల్సింది కదండీ!" అని నొచ్చుకుంది. యాకమ్మ తలూపి చాయ్ తెచ్చి ఇచ్చింది. నేను ఘాటుకు తుమ్ముతూ వరండాలోనే పడుకున్నాను.

పొద్దున ఆమె మెత్తబడిన కాయలు ఏరుతుంటే పక్కన కూర్చుని, బాధ లేదా అని అడిగాను.

"ఎందుకుండదు బిడ్డా? రాత్రి బువ్వ దిగలే. తాళంచెవి నాకాడున్నదని అర్ర నాదైతదా?"

గ్రీసులో ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఎన్నో చోట్ల బస చేశాను, గది దిగినవాళ్లదేనని ఇంత గట్టిగా నమ్మినవాళ్లను మాత్రం చూడలేదు. ఆ నమ్మకానికి ఆమె సగం పంట పోయింది, అది నన్ను ఇంకా బాధిస్తోంది. మీరు మిర్చి ఎండబోసే రోజుల్లో వెళ్తే, బయటికి కదిలే ముందు యాకమ్మతో ఒక్క మాట అనండి: "వానొస్తే మా గది తెరువమ్మా." మీరు చెప్పకపోతే ఆమె తెరవదు.